జీతం లేని దుకాణంల మేనేజ్‌మెంట్ వస్తదా? నల్లగొండ స్టూడెంట్ రివ్యూ

నమస్తే అందరికి. హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు, ల్యాప్‌టాప్‌లు అయిపోయినయి. ఈసారి ఒక పనిని రివ్యూ చేస్తున్న. జీతం లేని పని.

నల్లగొండల గడియారం సెంటర్ నుంచి నడిచిపోయేంత దూరంల ఒక స్వచ్ఛంద సంస్థ దుకాణం ఉంది. జనాలు ఇచ్చిన పాత బట్టలు, గిన్నెలు, పుస్తకాలు, స్కూల్ బ్యాగులు తక్కువ ధరకు అమ్ముతరు. వచ్చిన పైసలతోని ఆడపిల్లలకు కుట్టు నేర్పిస్తరు. నేను బీబీఏ చదువుకుంట అక్కడ వాలంటీర్‌గా చేస్తున్న. సంస్థ పేరు చెప్తలేను, వాళ్ళే వద్దన్నరు. "యూట్యూబ్‌ల పెట్టకు బిడ్డా, జనం మూటలకు మూటలు తెచ్చి పోస్తరు, పెట్టనీకి జాగ లేదు" అన్నది ఇన్‌చార్జి అక్క. ఈ మాట ఎందుకన్నదో జర సేపట్ల మీకే తెలుస్తది.

కామెంట్లల్ల అందరు అడిగేది ఒక్కటే. ఫ్రీగా చేస్తే నిజంగ మేనేజ్‌మెంట్ వస్తదా, లేకపోతే ఉత్త చాకిరేనా? నా జవాబు ముందే చెప్తున్న: వస్తది. కానీ ముందర కౌంటర్ దగ్గర కాదు, వెనక అర్రల వస్తది.

మామూలు బట్టల షాపాయన ఏం చేస్తడు? హైదరాబాద్ మదీనాకు పోతడు, ఏది నడుస్తదో అదే బేరం చేసి తెచ్చుకుంటడు. ఇక్కడ సరుకును మనం తెచ్చేది లేదు, అదే వస్తది. దసరాకు, దీపావళికి ఇండ్లు దులిపినంక మూటలు వస్తయి. మార్చిల ఎండ మొదలు కాంగనే స్వెటర్లు వస్తయి. జూన్‌ల బడులు తెరిచిన్రంటే వచ్చినోళ్ళందరు అడిగేది స్కూల్ బ్యాగు, సరిగ్గ అదే ఉండది. మా పుస్తకంల ఇన్వెంటరీ అని ఒక చాప్టర్ ఉంది, ఎప్పుడు ఆర్డర్ పెట్టాలె, ఎంత పెట్టాలె అని లెక్కలతోని సహా ఉంటది. ఇక్కడ ఆర్డర్ అన్న ముచ్చటే లేదు. వచ్చిన దాంట్ల ఏరాలె, కొన్ని ఆర్నెల్లు దాచాలె, కొన్నిటికి మొఖం మీదనే వద్దనాలె. వద్దనుడు అన్నిటికన్న కష్టం. కార్ల నుంచి దిగి మూట దింపిన సార్‌తోని "ఇవి చినిగినయి సార్, తీసుకోం" అని, ఆయనకు కోపం రాకుండ చెప్పాలె. ఇది ఏ క్లాసుల నేర్పుతరు చెప్పుర్రి?

ఏరుడు ఎట్లుంటదో చూపిస్తా. ఇదిగో ఈ షర్టు. ముందుగాల కాలర్ లోపల చూస్తం, తర్వాత చంకల దగ్గర మరక, తర్వాత గుండీలు. ప్యాంటైతే జిప్ మూడుసార్లు పైకి కిందికి గుంజాలె. జేబులు కూడ చూడాలె. బస్ టికెట్లు, పెండ్లి పత్రికలు, ఒక్కోసారి పైసలు దొరుకుతయి, దొరికితే గల్లాల వేసి పుస్తకంల రాస్తరు. చూసినంక మూడు కుప్పలు. ఒకటి అమ్మేది. రెండోది బొంతలు కుట్టేతందుకు పోతది, పాత నూలు చీరె ఎంత మెత్తగుంటే బొంతకు అంత మంచిది. మూడోది మెకానిక్ షెడ్లకు తుడుపు గుడ్డలకింద పోతది. పాలిస్టర్ తోని వచ్చిన తిప్పలేందంటే, అది బొంతకూ పనికిరాదు, తుడుచుటానికీ పనికిరాదు, నూలు లెక్క పీల్చదు. మూటల ఎక్కువ ఉండేది కూడ అదే.

ఇగ ఈ చీరె చూడుర్రి. ఒక కొత్త వాలంటీర్ దీన్ని వంద రూపాయల రాక్‌ల పెట్టిన్రు. అంచు జర రంగు పోయింది, పాతదే అనిపిస్తది. ఇన్‌చార్జి అక్క ఏం చేసిందో తెలుసా? ఒక్క మూల పట్టుకొని తిరగేసింది. గంతే. ఇది పోచంపల్లి, నేసిన ఇక్కత్. నూలును ముందే కట్లు కట్టి రంగుల ముంచి తర్వాత నేస్తరు, అందుకే డిజైన్ రెండు పక్కల ఒక్క తీరుగ కనిపిస్తది. డిజైన్ అంచులు కూడ గీత గీసినట్టు ఉండయి, జర చెదిరినట్టు ఉంటయి. ప్రింటు చీరెనైతే తిరగేస్తే వెనక పాలిపోయి ఉంటది. మన జిల్లా పక్కపొంటి ఊర్ల నేసేదే మనకు గుర్తు పట్ట రాకపోతే ఎట్ల? ఆ చీరెను వంద రాక్ నుంచి తీసి అద్దాల బీరువాల పెట్టింది, ధర పదిహేను వందలు రాసింది. రెండు నెలలు అట్లనే ఉంది. నేనైతే తగ్గించుమన్న. తగ్గించలే. శ్రావణ మాసంల పోయింది, అనుకున్న ధరకే.

ధర గురించి మాట్లాడాలంటే ఇక్కడ కొన్న ధర సున్నా. మరి మార్జిన్ దేని మీద వేస్తరు? కిరాయి, కరెంటు బిల్లు, బట్టలు ఉతికిచ్చే ఖర్చు, ఊడ్చే అమ్మ జీతం, వీటి లెక్క తీసి కిందికి ఎంతదాంక దిగొచ్చో చూస్తరు. బాగ దిగినా తిప్పలే. ఇరవైకి చీరెలు పెడితే మారు బేరగాళ్ళు పొద్దున్నే వచ్చి కుప్ప మొత్తం ఎత్తుకపోయి అంగడిల వందకు అమ్ముకుంటరు. అందుకే మనిషికి ఐదే అని పెట్టిన్రు. ఇంకో పోటీదారు కూడ ఉన్నడు, మీరు ఊహించలేరు: పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇస్త అని గల్లీల తిరిగేటాయన. మంచి పట్టుచీరెలు, జరీ చీరెలు ఆయనకే పోతయి. మనం ఇచ్చేది దండం, ఆయన ఇచ్చేది టిఫిన్ డబ్బ. ఎవరికిస్తరు?

మొత్తం ఊరికే ఇవ్వొచ్చు కదా అంటరు కొందరు. గదే పాత ప్రశ్న. అమెరికాల గుడ్‌విల్ అనే సేవా సంస్థ 1902ల బోస్టన్‌ల మొదలైనప్పుడు కూడ, పాత సామాను ఊరికే పంచలే. పని లేనోళ్ళతోని బాగు చేయించి అమ్మిన్రు. మనదేశంల గూంజ్ అనే సంస్థ 1999ల మొదలైంది, వాళ్ళ పద్ధతి వేరే, ఊరోళ్ళు కలిసి బావి తవ్వుకున్నా, బాట వేసుకున్నా ఆ కష్టానికి బట్టలు ఇస్తరు. మా దుకాణంల నేను చూసింది చెప్తా. దేవరకొండ దిక్కు తండా నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. దుప్పటి మీద యాభై అని ఉంది. "ముప్పైకియ్యి బిడ్డా." "నలభై ఇయ్యి పెద్దమ్మా." "ఆడ చినిగింది సూడు." చినగలే, అట్ల అంటది గంతే. ముప్పై ఐదుకు తెగింది. ఊరికే ఇచ్చి ఉంటే ఆమె గింత సేపు నిలబడి, గింత గట్టిగ మాట్లాడునా?

రాక్‌ల మీద రంగు దారాలు చూస్తున్నరు కదా. స్టిక్కర్లకు పైసలెందుకని కుట్టు క్లాసుల మిగిలిన దారమే కడుతరు. పదిహేను రోజులకు ఒక రంగు. ఎర్ర దారం పాతదైతే సగం ధర, అప్పటికీ పోకపోతే రాక్ నుంచి తీసేసుడే. కంప్యూటర్ లేకుండ ఏ బట్ట ఎన్ని రోజుల నుంచి ఉందో దూరం నుంచే తెలుస్తది. నాకు ఈ దుకాణంల అన్నిటికన్న నచ్చింది ఇదే.

ఇగ మనుషులు. జీతం ఇచ్చే కాడ రాకపోతే జీతం కోస్తరు. ఇక్కడ కోసేతందుకు ఏముంది? రిటైర్డ్ సార్లు ఉన్నరు, ఇంటికాడి పని చేసుకొని వచ్చే అక్కలు ఉన్నరు, మా లాంటి డిగ్రీ పిల్లలు ఉన్నరు. సెమిస్టర్ పరీక్షలొస్తే పిల్లలు ఒక్కరు కనిపించరు. వాట్సాప్ గ్రూపుల బొటనవేలు పెట్టినోళ్ళు సగమే వస్తరు, "చూస్తా" అన్నోళ్ళు అసలే రారు. డ్యూటీ చార్టు నాకు అప్పజెప్పినంక తెలిసిందేందంటే, గ్రూపుల మెసేజ్ పెడితే అది ఎవరికీ చెప్పినట్టు కాదు. ఒక్కొక్కరికి ఫోన్ చేసి, "ఆదివారం పుస్తకాల రాక్ మీదే సార్" అని పని పేరు పెట్టి చెప్తే వస్తరు. ఆ సార్ లెక్కల పుస్తకాలు ముందర పెడుతడు, కథల పుస్తకాలు కింద పెడుతడు, ఎవరు చెప్పినా వినడు. అక్క కూడ ఏమనది. సార్ పోయినంక మార్చుకుంటం.

బాగలేనివి కూడ చెప్పాలె. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లేదు, అంత చేతిరాతనే. రేపు ఇంటర్వ్యూల ఫలానా సాఫ్ట్‌వేర్ వచ్చా అంటే ఇక్కడి అనుభవం పనికిరాదు. దుమ్ము చాన ఉంటది, దమ్ము రోగం (ఆస్తమా) ఉన్నోళ్ళు వెనక అర్రకు రావొద్దు. ఆటో ఖర్చులు మీవే. మీ పని ఎట్లుందో కూసోబెట్టి చెప్పేటోళ్ళు ఉండరు, అడిగితేనే చెప్తరు. సర్టిఫికెట్ ఇస్తరు గానీ అందరికి ఒక్కటే నమూనా. నేనైతే నేను చేసిన పనులు రాసిచ్చి, అవే అండ్ల పెట్టమన్న. పెట్టిన్రు.

కాలేజీల ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ఉన్నోళ్ళకు ఒక మాట. రెండేండ్లల్ల 240 గంటలు చేయాలె కదా, ఈ పని అండ్ల లెక్కకొస్తదా అని చేరకముందే మీ ప్రోగ్రాం ఆఫీసర్‌ను అడుగుర్రి, చేసినంక కాదు. ఇచ్చేటోళ్ళు అడిగే ఇంకో ప్రశ్న, "బట్టలిస్తే ట్యాక్స్ తగ్గుతదా?" అని. తగ్గదు. విరాళం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు (80జీ అని పిలుస్తరు) పైసల విరాళానికే, వస్తువులకు రాదు. పైసలు కూడ నగదుగా 2,000 దాటి ఇస్తే రాదు, చెక్కో ఆన్‌లైనో ఉండాలె. కౌంటర్ దగ్గర దీన్ని తప్పు చెప్పినమంటే సంస్థ పేరు పోతది.

నా రేటింగ్ ఐదుకు నాలుగు. ఆ పోయిన ఒకటి కంప్యూటర్‌ది. మార్కెటింగ్‌కు, హెచ్‌ఆర్‌కు పోదామనుకునేటోళ్ళు కనీసం ఒక సెమిస్టర్ చేయుర్రి. ఉత్త సర్టిఫికెట్ కోసమైతే రావొద్దు, ఆ మూటలు మోసుడు కన్న వేరే తేలిక దారులున్నయి.

మీ ఊర్ల ఇట్లాంటి దుకాణం ఉంటే, చేరకముందు సాయంత్రం మూసే టైంకు ఒక్కసారి పోయి గల్లా ఎట్ల లెక్కపెడుతున్నరో చూడుర్రి. మా దగ్గర ఇద్దరు కూసొని లెక్కపెడుతరు, ఇద్దరు సంతకం పెడుతరు, ఫోన్‌పే క్యూఆర్ కూడ సంస్థ ఖాతాదే. ఒక్కరే లెక్కపెట్టి జేబుల వేసుకునే కాడైతే, నమస్తే పెట్టి బయటికి వచ్చేయుర్రి.