మార్చాల్సింది పేరు, అకౌంట్ కాదు

అందరికీ నమస్కారం. సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినపడే ఉంటుంది: "నా పేరు మారిందండీ, లాగిన్‌లో కూడా మార్చండి." పెళ్లి కావచ్చు, విడాకులు కావచ్చు, చేరిన రోజు ఎవరో తప్పుగా కొట్టిన స్పెల్లింగ్ కావచ్చు. మనకది రెండు నిమిషాల పని. అడిగిన మనిషి మాత్రం రోజూ పొద్దున్నే తనది కాని పేరు కొట్టి లోపలికి రావాలి. ఆ బాధ చిన్నది కాదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక తప్పు చేశాను. ఒకామె పేరు మార్చమంటే పాత అకౌంట్ తీసేసి, కొత్త పేరుతో ఇంకోటి తెరిచాను. అరగంటలో ఫోన్. ఆమె ఫైళ్లు ఒక్కటీ తెరుచుకోవడం లేదు. ఫోల్డర్ సెక్యూరిటీ ట్యాబ్ తెరిస్తే, ఆమె పేరు ఉండాల్సిన చోట ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడవాటి అంకెల వరుస కనిపించింది.

ఆ అంకెల వరుసే ఎస్‌ఐడీ, అంటే సెక్యూరిటీ ఐడెంటిఫైయర్. ఆఫీసులోని అకౌంట్లన్నిటి వివరాలు ఒకేచోట ఉంచే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ యాక్టివ్ డైరెక్టరీ. అది ప్రతి అకౌంట్‌కీ ఒక ఎస్‌ఐడీ ఇస్తుంది. ఫోల్డర్ల మీద అనుమతులు రాసి ఉండేది దానితోనే, పేరుతో కాదు. మనకు కనిపించే పేరు అప్పటికప్పుడు వెతికి చూపించేది. అకౌంట్ పేరు మారిస్తే ఎస్‌ఐడీ మారదు. గ్రూపులు, అనుమతులు ఎక్కడివక్కడే ఉంటాయి. తీసేసి మళ్లీ తెరిస్తే, అక్షరం పొల్లుపోకుండా పాత పేరే పెట్టినా సరే, డైరెక్టరీకి అది వేరే మనిషి. ఆ రోజు రాత్రిదాకా కూర్చుని ఒక్కో ఫోల్డర్‌కీ అనుమతులు మళ్లీ ఇచ్చాను.

ఇంకో చిక్కు. పేరు అని ఒక్క మాటలో అంటాం గానీ, అక్కడ చాలా పేర్లుంటాయి. డైరెక్టరీ లిస్టులో కనిపించే కామన్ నేమ్, మిగతావాళ్లకి కనిపించే డిస్‌ప్లే నేమ్, 20 అక్షరాలు దాటకూడని పాతకాలపు లాగిన్ పేరు, ఈమెయిల్ అడ్రస్‌లా కనిపించే యూపీఎన్ అనే ఇంకో లాగిన్ పేరు. విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే పవర్‌షెల్‌లో రీనేమ్-ఏడీఆబ్జెక్ట్ అనే కమాండ్ కొడితే మారేది కామన్ నేమ్ ఒక్కటే. లిస్టులో కొత్త పేరు చూసి అయిపోయిందనుకుంటాం, ఆమె మాత్రం మర్నాడు కూడా పాత పేరుతోనే లాగిన్ అవుతుంది.

కంప్యూటర్‌లో, సీ డ్రైవ్ యూజర్స్ కింద, ఆమె ఫోల్డర్ కూడా పాత పేరుతోనే ఉంటుంది. దాన్ని చేత్తో మార్చకండి. ఫలానా ఎస్‌ఐడీకి ఫలానా ఫోల్డర్ అని, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో రాసి ఉంటుంది. ఫోల్డర్ పేరు మాత్రమే మారిస్తే ఆ దారి తెగిపోయి, ఖాళీ డెస్క్‌టాప్ వస్తుంది. అప్పుడామె పడే టెన్షన్ మీకు చెప్పక్కర్లేదు.

యాక్టివ్ డైరెక్టరీ బదులు ఓపెన్‌ఎల్‌డాప్ అనే ఓపెన్‌సోర్స్ డైరెక్టరీ వాడేవాళ్లు గ్రూపులు కూడా చూసుకోవాలి. పేరు మారినప్పుడు గ్రూపుల్లో కూడా దాన్ని సరిచేసే రిఫింట్ అనే భాగం ఆన్ చేసి లేకపోతే, గ్రూప్ సభ్యుల జాబితాలో పాత పేరు అలాగే ఉండిపోతుంది.

మెయిల్ విషయానికొస్తే, పాత అడ్రస్‌ని రెండో అడ్రస్‌గా అదే అకౌంట్‌కి ఉంచండి. కొత్తగా చేరినవాళ్లకి ఇచ్చేస్తే ఆమెకి రావాల్సిన ఉత్తరాలు వాళ్ల చేతిలో పడతాయి.

అన్నీ మార్చాక పక్కన కూర్చుని ఒకసారి లాగిన్ చేయించండి. ఫోన్‌లో మెయిల్, నెట్‌వర్క్ డ్రైవ్‌లు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు తెరిచి చూడండి. పాత పేరు ఇంకెక్కడైనా కనిపిస్తోందేమో వారం తర్వాత మీరే ఫోన్ చేసి అడగండి. చాలామంది మొహమాటపడి రెండోసారి చెప్పరు.