సెల్ఫ్ తిరుగుతోంది, బండి అందుకోవడం లేదు

(విశ్వకర్మ పూజ నాడు ఒడిశాలోని జయపురంలో మెకానిక్కులు, డ్రైవర్ల ముందు చేసిన ప్రసంగం)

పెద్దలకి నమస్కారం. తమ్ముళ్లూ, పూజ అయింది, ప్రసాదం పంచేశారు, భోజనాలకి ఇంకో అరగంట ఉందట. ఆ అరగంట నాకిచ్చారు. పానాలన్నీ కడిగి, బొట్లు పెట్టి దేవుడి ముందు పెట్టేశాం కాబట్టి ఇవాళ ఎవరూ ఏదీ విప్పడానికి లేదు. విప్పకుండా ఎంత తెలుసుకోవచ్చో చెప్పడానికి ఇంతకంటే మంచి రోజు నాకు దొరకదు.

మనకి ఫోన్లు ఎలా వస్తాయి? ఒకడు సుంకి ఘాటీలోంచి తెలుగులో, ఒకడు పొట్టంగి నుంచి ఒడియాలో, ఇంకొకడు ఇక్కడి కొండమాట దేశియాలో. ముగ్గురూ చెప్పేది ఒకటే, బండి స్టార్ట్ అవ్వడం లేదని. ఆ ఒక్క మాటలో రెండు జబ్బులున్నాయి. కీ తిప్పితే టక్కుమని ఆగిపోతే అది బ్యాటరీ, సెల్ఫ్ మోటారు, ఎర్త్ వైరు గొడవ. సెల్ఫ్ తిరుగుతూ ఉండి ఇంజను అందుకోకపోతే కథ వేరు. ఇవాళ నేను మాట్లాడేది రెండో దాని గురించే. అందుకే ఫోన్లో ముందు "తిరుగుతోందా?" అని అడగండి. తర్వాత ఫోను బానెట్ దగ్గర పెట్టించి, ఒక్కసారి సెల్ఫ్ కొట్టమనండి. ఆ చప్పుడు వినకుండా పానాల సంచి బండెక్కించకండి.

ఆరోగ్యంగా ఉన్న ఇంజను తిరిగేటప్పుడు చప్పుడు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఒక్కో పిస్టను గాలిని నొక్కినప్పుడల్లా సెల్ఫ్‌కి బరువు తగులుతుంది కదా, అందుకు. ఆ ఎగుడుదిగుడు లేకుండా తేలిగ్గా, గిర్రుమని ఒకే తీరుగా తిరిగితే కంప్రెషన్, అంటే ఆ గాలి నొక్కుడు, లేదన్నమాట. టైమింగ్ బెల్ట్ ఉన్న బండైతే బెల్ట్ తెగిందేమో చూడాలి. అప్పుడు ఇంకోసారి కూడా సెల్ఫ్ కొట్టనివ్వకండి, చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకి తగులుతాయి.

నీరసంగా తిరుగుతుంటే బ్యాటరీ చూడండి. తిరుగుతోంది కదా, బ్యాటరీ బాగానే ఉందనుకోవడం మన కుర్రాళ్లు తరచూ చేసే పొరపాటు. ఫుల్ ఛార్జిలో ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కింద పడిపోతే మోటారు ఎలాగో తిరుగుతుంది గానీ, ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, ఉన్న బళ్లలో అది తన పని మానేయవచ్చు.

ఇప్పుడు డీజిల్ బళ్ల సంగతి. మన కొండదారుల్లో ఎక్కువ అవే. డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్గు లేదు. గాలిని పదహారు, పద్దెనిమిదో వంతుకి నొక్కితే పుట్టే వేడే దానికి నిప్పు. అందుకని సెల్ఫ్ కొట్టించి, మీరు వెనక్కెళ్లి సైలెన్సర్ చూడండి. తెల్లపొగ వస్తుంటే డీజిల్ లోపలికి వెళ్తోంది, కాలడం లేదు. పుష్యమాసంలో కోరాపుట్ చలికి పొద్దున్నే ఇదే కనిపిస్తే ముందు ఇంజను లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్గులు చూడాలి. పొగ అసలు లేదా? డీజిల్ అందడం లేదు. ట్యాంకు నుంచి, ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ దాకా వెతుక్కోవాలి.

ఇక్కడ నేను పరువు పోగొట్టుకున్న కథ ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక జీపు వచ్చింది. పాత పద్ధతి పంపు ఉన్న బండి. రోజూ పొద్దున పావుగంట సెల్ఫ్ కొడితే గానీ అందుకోదు. మధ్యాహ్నం ఒక్క తిప్పుకే స్టార్ట్. నేను హీటర్ ప్లగ్గులు మార్చాను, ఫిల్టర్ మార్చాను, చివరికి బ్యాటరీ కూడా మార్పించాను. ఓనరు పాపం ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. నాలుగో రోజు ఆ బండి క్లీనరు కుర్రాడు, పదిహేనేళ్లుంటాయేమో, "మేస్త్రీగారూ, పెట్రోల్ బంకులో పడుకున్న రోజు మటుకు పొద్దున్నే స్టార్ట్ అవుద్దండి" అన్నాడు.

బంకు నేల చదును. ఓనరు ఇల్లు వాలులో ఉంది. రాత్రంతా బండి ముక్కు పైకి, ట్యాంకు కిందకి పెట్టి నిలిపేవారు. ట్యాంకు నుంచి పంపుకి వచ్చే రబ్బరు గొట్టంలో సన్నని పగులు. పంపు లాక్కునే వైపు పైపు కాబట్టి బయటికి చుక్క కారదు, లోపలికి గాలి తాగుతుంది. గాలి దూరిన కొద్దీ డీజిల్ తెల్లారేసరికి ట్యాంకులోకి జారిపోయేది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొట్టం ముక్క ఒకటి మధ్యలో బిగించి చూస్తే బుడగలు వరసగా కనబడ్డాయి. గొట్టం ఖరీదు ఎంతని మాత్రం అడక్కండి. ఆ రోజు నుంచి నేను బండిని కాదు, ముందు మనిషిని అడుగుతున్నాను: ఎక్కడ నిలిపారు, ఎంతసేపు నిలిపారు, నిన్న డీజిల్ ఎక్కడ పోయించారు?

ఆ చివరి ప్రశ్న వానాకాలానికి. డ్రమ్ముల్లో, క్యాన్లలో నిలవ ఉన్న డీజిల్ పోస్తే నీళ్లు కలిసే ప్రమాదం ఎక్కువ. ఫిల్టర్ కింద డ్రెయిన్ మర వదులు చేసి గాజు సీసాలో పట్టండి. నీళ్లు అడుగున చేరతాయి.

ఇక ఎయిర్ తీయడం, అంటే డీజిల్ పైపుల్లో దూరిన గాలిని బయటికి పంపడం. పాత పంపు బళ్లకి ఫిల్టర్ మీద బోల్టు వదులు చేసి, చేతి పంపు కొట్టి బుడగలు పోయేదాకా వదలడం మీకు తెలిసిందే. ఆ అలవాటుతో కామన్ రైల్ బండిలో, అంటే రైల్ అనే ఒకే గొట్టంలో డీజిల్‌ని గట్టి ఒత్తిడితో నిలవ ఉంచే కొత్త రకం బండిలో, హై ప్రెషర్ పైపు విప్పి సెల్ఫ్ కొట్టకండి. స్టార్ట్ అవ్వడానికే రైల్లో సుమారు 200 బార్ దాకా కావాలి. ఆ ధార చర్మంలోంచి లోపలికి దిగిపోతుంది. చెయ్యి తీసేయాల్సి రావచ్చు.

2020 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త బళ్లు బీఎస్ 6, అంటే పొగ కాలుష్యం మీద కొత్త నిబంధన ప్రకారం చేసినవి. వీటిలో సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్పీఎం ముల్లు చూడండి. చాలా బళ్లలో కొంచెమైనా కదులుతుంది. కదలకపోతే, ఇంజను తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సార్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. తాళం బొమ్మ మిణుకుమంటుంటే ఇమ్మొబిలైజర్, అసలు కీనే ఒప్పుకోవడం లేదు. ఎలుకలు వైర్లు కొరికిన బళ్లు కూడా మనకి తక్కువేం కాదు. స్కానర్‌లో కోడ్ వచ్చిందని పార్టు ఆర్డర్ పెట్టేయకండి. కోడ్ ఏ సర్క్యూట్లో తేడా ఉందో చెబుతుంది. ఆ తేడా సెన్సార్‌దా, వైరుదా అన్నది మీటరు పట్టుకుని మనం చూసుకోవాలి.

పెట్రోలు కార్లకి రెండు మాటలు చాలు. కీ ఆన్ చేయగానే వెనక సీటు వైపు పంపు రెండు సెకన్లు గుయ్యిమంటుంది. అనకపోతే ఫ్యూజు, రిలే, పంపు చూడండి. ప్లగ్గు తడిసి వస్తే పెట్రోలు ఎక్కువైంది. అప్పుడు చాలా ఇంజెక్షన్ బళ్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొడితే ఇంజెక్టర్లు ఆగి, లోపల ఆరుతుంది.

ఏ బండైనా ఒక్కసారికి పది సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టకండి. మధ్యలో ఒక నిమిషం ఆపండి, లేకపోతే సెల్ఫ్ మోటారు కాలిపోవచ్చు. ఎయిర్ క్లీనర్లో ఈథర్ స్ప్రే కొట్టే అలవాటున్నవాళ్లు ఎవరో నాకు తెలుసు, పేర్లు చెప్పను. హీటర్ ప్లగ్గులున్న డీజిల్ బండిలో అది పేలవచ్చు.

రాయగడ నుంచి వచ్చిన తమ్ముడు ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నాడు. అడుగు బాబూ, ఏం బండి?