పెన్‌డ్రైవుకు ఎంత ముద్ద పెట్టాలి?

విద్యార్థులకు, వెనుక వరుసలో కూర్చున్న స్టూడియో మిత్రులకు నమస్కారం.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ముగిసిన మర్నాడు విజయనగరంలో వీడియోలు తీసినవారికి ఒకటే పని: కాపీలు చేయడం. డ్రైవు డబ్బా మీద రాసిన వేగానికీ తెర మీద కనిపించే వేగానికీ పొంతన ఉండదు. అందుకు కారణాలు చాలా ఉన్నా ఈరోజు ఒక్కదాని గురించే మాట్లాడతాను.

కంప్యూటర్ ఫైలును ఒకేసారి కుమ్మరించదు, ముద్దలు ముద్దలుగా పెడుతుంది. ముందు 31 బైట్ల ఆదేశం వెళుతుంది, తర్వాత డేటా, చివర డ్రైవు నుంచి 13 బైట్ల జవాబు. ఆ జవాబు వచ్చాకే తర్వాతి ముద్ద. యూఎస్‌బీ 2 పరికరాలకు లినక్స్ డ్రైవర్, అంటే పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్, మామూలుగా ఒక్కో ఆదేశానికి 240 సెక్టార్లు దాటనివ్వదు. సెక్టారంటే డిస్కులో డేటాను కొలిచే చిన్న గడి. సెక్టారుకు 512 బైట్ల చొప్పున అది 120 కిలోబైట్లు. ఒక గిగాబైటు చేరాలంటే ఈ తతంగం 8,700 సార్లకు పైగా జరగాలి.

240 ఏమిటి, 256 పెట్టుకోవచ్చు కదా అని మీలో ఎవరో ఒకరు అడగాలి. ఒకప్పుడు హార్డ్ డిస్కులను కంప్యూటర్‌కు కలిపిన పాత ఐడీఈ కంట్రోలర్లలో సెక్టార్ల సంఖ్యను దాచే రిజిస్టరు, అంటే చిప్‌లోని చిన్న గడి, 8 బిట్లది. అందులో 255 వరకే పడుతుంది. 256 కావాలంటే సున్నా రాయాలని ఒప్పందం. అంత నిండు సంఖ్యను కొన్ని కంట్రోలర్లు మోయలేకపోయాయి. బహుశా అందుకే డ్రైవర్ రాసినవారు కాస్త వెనక్కి తగ్గి 240 దగ్గర గీత గీశారు. ఐడీఈ కేబుల్‌ను కళ్లతో చూడని మీ తరం కూడా ఆ రిజిస్టరు మాటే వింటోందేమో! విండోస్ 7 అయితే 128 సెక్టార్ల దగ్గరే ఆగింది. జెనెసిస్ లాజిక్ కంపెనీ చిప్‌లున్న కొన్ని పరికరాలు 32 కిలోబైట్లు దాటితే తడబడేవి కాబట్టి వాటికి లినక్స్ 64 సెక్టార్లే ఇస్తుంది. యూఎస్‌బీ 3 పరికరాలకు మాత్రం ధైర్యంగా 2048, అంటే ఒక మెగాబైటు.

ఈ సంఖ్యను మార్చడానికి లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌ను తిరగరాయనక్కర్లేదు. సిస్ డైరెక్టరీలోని బ్లాక్ కింద మీ డ్రైవు పేరు, దాని కింద డివైస్, అందులో మాక్స్ సెక్టార్స్ అనే చిన్న ఫైలు ఉంటుంది. రూట్ హక్కుతో, అంటే నిర్వాహకుడి హక్కుతో, అందులో కొత్త అంకె రాస్తే అప్పటికప్పుడే అమలవుతుంది. డ్రైవు పీకి మళ్లీ పెడితే పాత అంకే వస్తుంది. శాశ్వతంగా కావాలంటే యూడెవ్ నియమం రాసుకోవాలి; పరికరం పెట్టగానే ఏం చేయాలో లినక్స్‌కు చెప్పేది అదే.

ఇక్కడే నాకు చిరాకు. దొరికిన నియమాన్ని అన్ని డ్రైవులకూ కలిపి అంటించేస్తారు. ఒకటి తట్టుకుంటుంది, పక్కది కాపీ మధ్యలో బిగుసుకుపోతుంది. అప్పుడు కెర్నల్ దాన్ని రీసెట్ చేస్తుంది, కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో రీసెట్ వరుసలు పేరుకుంటాయి. నష్టపోయేది ఎవరి పెళ్లి వీడియోయో! నియమంలో తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య రెండూ రాయండి. ఆ ఒక్క మోడల్‌కే వర్తించాలి. 120 కిలోబైట్లకే తడబడే పరికరమైతే యూఎస్‌బీ స్టోరేజ్ క్విర్క్స్ అనే, మొండి పరికరాలకు మినహాయింపులు రాసే సెట్టింగులో ఆ సంఖ్యల పక్కన ఎమ్ అక్షరం చేర్చితే 64 సెక్టార్లకు దిగుతుంది.

ఈ ఖాళీ డ్రైవులోకి ముందు 240తో, తర్వాత 1024తో ఒకే ఫైలును కాపీ చేస్తాను. గడియారంతో పాటు రెండు కాపీల చెక్‌సమ్‌లు, అంటే ఫైలు చెడలేదని తేల్చే సంఖ్యలు, కూడా గమనించండి.