మీ పాదం వెడల్పు కాదు, ఆ బూటే ఇరుకు!

ఆగండి, స్క్రోల్ చేయకండి. ముందు ఇది చూడండి. నా కుడికాలి బొటనవేలు. కెమెరా దగ్గరికి తెస్తున్నా, అన్నం తింటున్నవాళ్లు రెండు సెకన్లు కళ్లు మూసుకోండి. గోరు నల్లగా కమిలిపోయింది కదా? నల్లమలలో సలేశ్వరం జాతరకు లోయలోకి దిగేటప్పుడు దక్కిన బహుమతి ఇది. ఇచ్చింది అక్కడి దేవుడు లింగమయ్య కాదు. ఆరువేల ఐదొందలు పోసి కొన్న హంటింగ్ బూటు.

పోయిన వీడియోలో ఈ బూటును ఇరుకని తిట్టినందుకు కామెంట్లలో యుద్ధమే నడిచింది. సగం మంది "అన్నా, ఒక సైజు పెద్దది తీసుకుంటే అయిపోయేది కదా" అన్నారు. మిగతా సగం "వేటను ప్రోత్సహిస్తున్నావా?" అని ఎగబడ్డారు. రెండోదానికి ఒక్క ముక్కలో జవాబు. 1972 వన్యప్రాణి చట్టం నాకూ తెలుసు. నిజాం ఫరహాబాద్‌లో వేట బంగళా కట్టుకున్న కాలం పోయింది, ఇప్పుడది అమ్రాబాద్ పులుల అడవి. ఆ బూటుకు ఆ పేరు పెట్టింది అమ్మేవాళ్లు. నేను మూడేళ్లుగా వేటాడుతున్నది కాలికి పట్టే బూటును మాత్రమే.

ఇక మొదటి సలహా. ఒక సైజు పెద్దది కొనుక్కో అని చెప్పేవాళ్లందరికీ చేతులు జోడించి చెప్తున్నా, దయచేసి ఆ మాట ఇంకెవరికీ చెప్పకండి!

సైజు అంటే ఏంటి? పొడవు. అంతే. డబ్బా మీద 9 అని ఉంటే అది పొడవు లెక్క. ఒక్కో సైజుకు అంగుళంలో మూడో వంతు తేడా. ఆ మూడో వంతు ఎక్కడిదో తెలుసా? బార్లీ గింజ పొడవు! ఇంగ్లండ్‌లో పాతకాలం కొలత. పాలమూరులో పండేది జొన్న, కాళ్లకు కొలత మాత్రం బార్లీ గింజది. సరే, సైజు పెంచారు. ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు కలిసొచ్చాయి. ఎక్కడ? వేళ్ల ముందు! అక్కడ మీకేం పని? మీకు కావాల్సింది చిటికెనవేలు పక్కన. అక్కడ పెరిగేది కొంచెమే. ఈలోపు మడమ వదులైపోతుంది. బూటు వంగాల్సిన చోటు, మీ పాదం వంగే చోటు వేరువేరు అవుతాయి. దిగుడులో పాదం ముందుకు జారి వేలు పోయి గుద్దుకుంటుంది. ఈ నల్ల గోరు అట్లా వచ్చిందే. అవును, నేనూ ఒక సైజు పెద్దదే కొన్నాను. ఇట్లాంటి సలహా వినే!

ఆ రోజు సలేశ్వరం లోయలోకి "వత్తున్నం వత్తున్నం లింగమయ్యో" అంటూ జనమంతా దిగుతున్నారు. నా పక్కన ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, చెప్పుల్లేకుండా బండల మీద అడుగులేసుకుంటూ నన్ను దాటి పోయాడు. నేను ఆరువేల ఐదొందల బూటులో కుంటుకుంటూ.

ఇప్పుడు నా మాట వినండి. మనది వెడల్పు పాదం కాదు. మనది పాదం. ఆ బూటు ఇరుకు. మా బాపు కాలు చూస్తే చేటంత ఉంటుంది, వేళ్లు విసనకర్ర పుల్లల్లా విచ్చుకుని ఉంటాయి. చిన్నప్పటి నుంచి చెలకల్లో, మడికట్లలో వట్టికాళ్లతో తిరిగిన కాలది. దాన్ని 'ఎక్స్‌ట్రా వైడ్' అంటారట. ఎవరికి ఎక్స్‌ట్రా? సూదిమూతి బూటు అచ్చుకు ఎక్స్‌ట్రా! ఇది నా సొంత పైత్యం కాదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ వాళ్లు 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా దేశమంతా తిరిగి లక్ష మందికి పైగా కాళ్లు స్కానింగ్ చేశారు. మన పాదాలు యూరప్, అమెరికా వాళ్లకన్నా వెడల్పు అని తేలింది. మనకంటూ వేరే సైజులు ఉండాలని, దానికి 'భా' అని పేరు కూడా అనుకున్నారు. భారత్‌లో భా అన్నమాట. మరి మీ ఊరి షాపులో డబ్బా మీద 'భా' కనిపించిందా? నాకు కనిపించలేదు.

మా తాతకు కిర్రు చెప్పులుండేవి. ఆయన వస్తున్నాడంటే రెండు వీధుల అవతల నుంచే కిర్రుకిర్రుమని వినపడేదట. కుట్టే ఆయన జొన్న సొప్ప పుల్ల తీసుకుని ముందు నిలువు కొలిచేవాడు, తర్వాత అడ్డం కొలిచి గోటితో గంటు పెట్టుకునేవాడు. అడ్డం కూడా! అమెరికాలో బ్రానాక్ అనే ఆయన నిలువూ అడ్డం రెండూ కొలిచే లోహపు పలక చేశాడు, దాదాపు వందేళ్లు అవుతోంది, పెద్ద పేరొచ్చింది. మా ఊళ్లో అదే పని పుల్లతో అయిపోయింది, ఎవరూ పేటెంట్ తీసుకోలేదు, అంతే తేడా.

ఇదిగో, ఇప్పుడు లైవ్‌లో చూపిస్తా. బూటు లోపలి అట్ట, ఇన్‌సోల్, బయటికి లాగాను. నేలమీద పెట్టి దానిమీద నిలబడ్డాను. చూడండి, చిటికెనవేలు పక్క మాంసం ఎట్లా పొంగి బయటికి వచ్చిందో, పెనం దాటిన దోసెలాగా! నా పాదం అడ్డం పదకొండు సెంటీమీటర్లు, అట్ట తొమ్మిదిన్నర. ఈ ఒకటిన్నర సెంటీమీటరు ఎక్కడికి పోవాలి? బూటులోకి నొక్కుకుపోవాలి. చెప్పు కరవదా మరి?

నల్గొండ గడియారం సెంటర్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు చూపించాను, కొంచెం సాగదీయమని. వేలితో గీకి చూసి, "తోలైతే లాగొస్తది బిడ్డా, ఇది తోలు గాదు" అన్నాడు. లెదర్ లుక్ అని రాసి ఉంది మరి! లుక్కే, లెదర్ కాదు.

సరే, కొనాలనుకునేవాళ్లు వినండి. పొద్దున పోకండి, సాయంత్రం పోండి, అప్పటికి కాలు కొంచెం ఉబ్బి ఉంటుంది. అడవిలో వేసుకునే మందం సాక్సులే వేసుకుని పోండి. షాపులో మెట్లుంటే దిగి చూడండి, ఎక్కడం కాదు, దిగడం. షాపతను ఏమనుకుంటాడో అని టెన్షన్ పడకండి, డబ్బులు మీవి. ఊరికే 'వైడ్' అని రాస్తే నమ్మకండి. అమెరికా కొలతలో మగవాళ్లకు మామూలుది డి, వెడల్పుది టూ-ఈ, ఇంకా వెడల్పుది ఫోర్-ఈ. ఆ అక్షరం అడగండి. ఇంకోటి, నాలుగొందల గ్రాములు, ఎనిమిదొందల గ్రాములు అని గొప్పగా రాస్తారు. అది బూటు బరువు కాదు నాయనా, మంచులో కాళ్లు గడ్డకట్టకుండా పెట్టే దూది లాంటి సరుకు. మే నెలలో మిర్యాలగూడలో అది వేసుకుని తిరిగితే కాళ్లు ఉడికిపోతాయి. ఇప్పటికే ఇరుకు బూటు కొనేసి ఉంటే, కాలు నొక్కుకునే చోట రెండు కన్నాల్లో లేసు అడ్డంగా వేయకుండా, పక్కపక్కనే పైకి లాగి కట్టండి. కొంచెం ఊపిరాడుతుంది.

నాకు చివరికి పట్టింది ఫోర్-ఈ. మా చెల్లె డల్లాస్ నుంచి వస్తూ తెచ్చింది, మేనకోడలి బొమ్మల పెట్టె తగ్గించుకుని మరీ. మొన్న వేసుకుని పానగల్లు చెరువు కట్టంతా తిరిగాను, మడమ కదల్లేదు, వేళ్లు లోపల పియానో వాయించాయి.

ఆ ఇరుకు జత ఏమైందంటారా? మా బావమరిది పట్టుకుపోయాడు. వాడి కాలు మునగకాయ. "ఇంత మంచి బూటును పట్టుకుని ఏందీ లొల్లి బావా" అని ఇంటిల్లిపాదికీ చెప్తున్నాడు. ఈ వీడియో కింద మొదటి కామెంట్ వాడిదే ఉంటుంది, చూసుకోండి.