రైట్ క్లిక్ మెనూ ఎందుకు అంత పొడుగైంది?

అక్క: నమస్తే. పాత కంప్యూటర్ వాడే వాళ్లందరికీ తెలిసిన విసుగు ఒకటి ఉంది. ఫైల్ మీద రైట్ క్లిక్ చేస్తాం. మౌస్ గుర్తు పక్కన చక్రం తిరుగుతూ ఉంటుంది. ఎప్పటికో మెనూ వస్తుంది, అదీ స్క్రీన్ పైనుంచి కింది దాకా. మనకు కావాల్సింది 'రీనేమ్' ఒక్కటే, దాన్ని వెతుక్కోవాలి. మా తమ్ముడు చాలా ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు, అందుకే వాణ్ని కూర్చోబెట్టాను. ఏరా, కంప్యూటర్ పాతబడితే ఇంతేనా?

తమ్ముడు: ఇంతే అనుకునే చాలామంది కొత్తది కొనేస్తారక్కా. అది నాకు నిజంగా బాధనిపిస్తుంది. మెనూ దగ్గరే ఆగుతోందంటే, ఎక్కువసార్లు తప్పు కంప్యూటర్ వయసుది కాదు. ఆ మెనూలో ఉన్నవన్నీ విండోస్‌వి కావు. విండోస్ 95 కాలం నుంచే, అంటే 1995 నుంచి, బయటి ప్రోగ్రాములు అందులో తమ లైను కలుపుకోవచ్చు. జిప్ చేసేది, వీడియో ప్లేయర్, యాంటీవైరస్, క్లౌడ్ స్టోరేజ్, గ్రాఫిక్స్ డ్రైవర్... ఒక్కోటి ఒకటో రెండో లైన్లు పెట్టుకుంటుంది. ఏళ్ల తరబడి వాడిన కంప్యూటర్‌లో అవన్నీ పోగుపడతాయి.

అక్క: సరే, లైన్లు పెరిగాయి. లైన్లు పెరిగితే నెమ్మది ఎందుకవ్వాలి? రాసి ఉన్న పేర్లు చూపించడమే కదా?

తమ్ముడు: అక్కడే ఉంది అసలు సంగతి. అవి రెండు రకాలు. మొదటి రకం నువ్వన్నట్టే, రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోట, ఒక పేరు, దాని కింద నడపాల్సిన కమాండ్, అంతే. వాటి వల్ల మెనూ పొడుగవుతుంది కానీ పెద్దగా నెమ్మదించదు. రెండో రకాన్ని షెల్ ఎక్స్‌టెన్షన్ అంటారు. అది డీఎల్‌ఎల్ ఫైల్, అంటే చిన్న ప్రోగ్రామ్ ముక్క. నువ్వు రైట్ క్లిక్ చేయగానే విండోస్ ఎక్స్‌ప్లోరర్, అంటే ఫోల్డర్లనీ టాస్క్‌బార్‌నీ చూపించే ప్రోగ్రామ్, దాన్ని తనలోకి లోడ్ చేసుకుని, 'ఈ ఫైల్‌కి నువ్వేం చూపిస్తావు?' అని అడుగుతుంది. క్లాసులో హాజరు పిలిచినట్టు ఒక్కొక్కరినీ అడుగుతుంది. ఒకడు పలక్కపోతే మిగతా అందరూ ఆగాల్సిందే.

అక్క: అంటే నలభై లైన్లున్నా ఇబ్బంది లేకపోవచ్చు, ఒక్కటే చాలు మెనూని ఆపేయడానికి.

తమ్ముడు: అవును. ఇంకోటి కూడా. అది ఎక్స్‌ప్లోరర్ లోపలే నడుస్తుంది కాబట్టి, దానిలో లోపం ఉంటే ఎక్స్‌ప్లోరరే పడిపోతుంది. రైట్ క్లిక్ చేయగానే టాస్క్‌బార్ మాయమై మళ్లీ వస్తుంది చూడు, చాలాసార్లు కారణం ఇదే. జనం వైరస్ అని భయపడతారు.

అక్క: ఆ ఒక్కటి ఏదో ఎలా పట్టుకోవాలి?

తమ్ముడు: ముందు ఏ టూలూ వద్దు, క్లిక్ చేసి చూడు. డెస్క్‌టాప్ ఖాళీ చోట, మామూలు టెక్స్ట్ ఫైల్ మీద, ఫోల్డర్ మీద, వీడియో ఫైల్ మీద. ఒక్కోదానికి మెనూ వేరు, అడిగే ఎక్స్‌టెన్షన్లూ వేరు. డెస్క్‌టాప్ ఖాళీ చోటే నెమ్మదిగా ఉంటే నేను మొదట గ్రాఫిక్స్ డ్రైవర్‌ని అనుమానిస్తాను. వీడియోల మీదే అయితే ప్లేయర్‌నో, వీడియోని చదివే కోడెక్ అనే ప్రోగ్రామ్ ముక్కనో. అన్నిచోట్లా అయితే ప్రతి ఫైల్‌కీ, ఫోల్డర్‌కీ తగులుకునేవి, అంటే జిప్ ప్రోగ్రామ్, యాంటీవైరస్, క్లౌడ్ స్టోరేజ్. ఇంకొకటి గమనించు. కంప్యూటర్ ఆన్ చేశాక మొదటిసారి మాత్రమే ఆలస్యమై, తర్వాత వెంటనే వస్తుంటే కంగారు పడొద్దు. పాత హార్డ్ డిస్క్ ఆ ఫైళ్లను మొదటిసారి చదవడానికి టైమ్ తీసుకుంటుంది, అంతే. ప్రతిసారీ ఆగితేనే వెతకాలి.

అక్క: వెతికాం, అనుమానం వచ్చింది. ఇప్పుడు రిజిస్ట్రీలోకి వెళ్లి తీసేయడమేనా?

తమ్ముడు: వద్దక్కా, రిజిస్ట్రీ ఆఖరున. మొదట వాడని ప్రోగ్రామ్ ఉంటే మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చెయ్. దానితోపాటు మెనూ లైనూ పోతుంది. వాడే ప్రోగ్రామ్ అయితే దాని సెట్టింగ్స్‌లోనే చూడు. సెవెన్ జిప్‌లో టూల్స్, ఆప్షన్స్‌కి వెళ్తే మెనూలో ఏ లైన్లు కావాలో టిక్ పెట్టుకునే జాబితా ఉంటుంది. అన్నీ కలిపి ఒకే లైను కింద పెట్టే ఆప్షనూ ఉంది. విన్‌రార్‌లో సెట్టింగ్స్‌లో ఇంటిగ్రేషన్ అనే ట్యాబ్. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో పైన డెస్క్‌టాప్ మెనూ తెరిచి, డెస్క్‌టాప్ కాంటెక్స్ట్ మెనూ అన్నచోట టిక్ తీసేస్తే చాలు. కాంటెక్స్ట్ మెనూ అంటే ఈ రైట్ క్లిక్ మెనూయే. చాలా కంప్యూటర్లలో పని ఇక్కడితో అయిపోతుంది.

అక్క: అక్కడ అలాంటి సెట్టింగే లేకపోతే?

తమ్ముడు: అప్పుడు నిర్‌సాఫ్ట్ వాళ్ల షెల్‌ఎక్స్‌వ్యూ అనే ఉచిత టూల్ ఉంది. వాళ్ల సొంత సైట్ నుంచే దించుకోవాలి, ఇంకెక్కడా వద్దు. విండోస్ 64 బిట్ అయితే టూల్ కూడా 64 బిట్‌దే తీసుకో, లేకపోతే అసలువి కనిపించవు. తెరిస్తే పెద్ద జాబితా వస్తుంది. అందులో కాంటెక్స్ట్ మెనూ రకం ఒక్కటే చూపించమను. మైక్రోసాఫ్ట్‌వి కానివి గులాబీ రంగులో ఉంటాయి. మనం ముట్టుకోవాల్సింది వాటినే. తెల్లవి మైక్రోసాఫ్ట్‌వి, వాటి జోలికి పోవద్దు.

అక్క: గులాబీవి పది, పదిహేను ఉంటే? ఒక్కోటి ఆపి చూస్తే పొద్దుపోతుంది.

తమ్ముడు: సగం సగం చెయ్. ముందు అన్నీ డిసేబుల్ చేసి చూడు. మెనూ చటుక్కున వచ్చిందా, దోషి వాటిలోనే ఉంది. సగం ఎనేబుల్ చెయ్. మళ్లీ ఆగిందా, దోషి ఆ సగంలో. అందులో మళ్లీ సగం. పదహారు ఉన్నా నాలుగు విడతల్లో దొరికిపోతుంది. ప్రతి మార్పు తర్వాత ఎక్స్‌ప్లోరర్‌ని రీస్టార్ట్ చెయ్యడం మర్చిపోవద్దు, లేకపోతే పాత డీఎల్‌ఎల్ ఇంకా లోపలే ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద నొక్కితే రీస్టార్ట్ అని ఉంటుంది. విండోస్ 7లో అయితే లాగాఫ్ అయి మళ్లీ రావడం తేలిక.

అక్క: డిసేబుల్ అంటున్నావు, డిలీట్ అనడం లేదు.

తమ్ముడు: కావాలనే అంటున్నాను. డిసేబుల్ చేసింది ఒక్క నొక్కుతో తిరిగి వస్తుంది. డిలీట్ చేసింది కావాలంటే ప్రోగ్రామ్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. రిజిస్ట్రీలో ఏదైనా మార్చాల్సి వచ్చినా, ఆ కీని, అంటే రిజిస్ట్రీలో ఫోల్డర్ లాంటి ఆ భాగాన్ని, ముందు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోమంటాను. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే తీసేసినవి, మార్చినవి వెనక్కి వచ్చేస్తాయి.

అక్క: ఆ మొదటి రకం లైన్లు, నెమ్మది చేయనివి, అవి మాత్రం కళ్లకు అడ్డమే కదా?

తమ్ముడు: అడ్డమే. వాటికి షెల్‌మెనూవ్యూ అని అదే నిర్‌సాఫ్ట్ టూల్ ఇంకొకటి ఉంది. వాటిలో కొన్నిటిని అప్పుడప్పుడు వాడతాం అనుకో. రిజిస్ట్రీలో ఆ లైను తాలూకు కీ కింద 'ఎక్స్‌టెండెడ్' అనే పేరుతో ఖాళీ స్ట్రింగ్ వాల్యూ పెడితే, షిఫ్ట్ నొక్కి రైట్ క్లిక్ చేసినప్పుడే అది కనిపిస్తుంది. మామూలుగా దాగి ఉంటుంది. నాకు చాలా నచ్చిన ఏర్పాటు అది.

అక్క: 'సెండ్ టు' కూడా పెద్దగా ఉంటుంది.

తమ్ముడు: అది చాలా తేలిక, అదొక ఫోల్డర్ మాత్రమే. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, షెల్ కోలన్ సెండ్‌టు అని ఇంగ్లీషులో ఖాళీ లేకుండా కొడితే తెరుచుకుంటుంది. అక్కర్లేని షార్ట్‌కట్లు ఇంకో ఫోల్డర్‌లోకి జరిపెయ్. ఎప్పుడో కలిపి వదిలేసిన నెట్‌వర్క్ డ్రైవ్ ఉంటే దాన్ని డిస్‌కనెక్ట్ చెయ్. 'సెండ్ టు' మీదకి మౌస్ వెళ్లగానే విండోస్ దానికోసం కూడా చూస్తూ ఉండిపోవచ్చు.

అక్క: తీసేయకూడనిది ఏదైనా ఉందా?

తమ్ముడు: యాంటీవైరస్ స్కాన్ లైను ఉంచుకోవాలి. పెన్‌డ్రైవ్ పెట్టగానే దాని మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ చేసే అలవాటు ఉన్నవాళ్లకు అదే ఆధారం. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది, పాత కంప్యూటర్లు చాలావరకు దాని మీదే ఉన్నాయి. వాటిలో మరీ అవసరం.

అక్క: విండోస్ 11లో మెనూని చిన్నది చేశారు కదా?

తమ్ముడు: 2021లో వచ్చినప్పుడే చేశారు. పాత మెనూ 'షో మోర్ ఆప్షన్స్' వెనక అలాగే ఉంది, ఫైల్ ఎంచుకుని షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కినా వస్తుంది. అక్కడ చేరినవాటికీ ఇదే పద్ధతి.

అక్క: ఇంత చేశాక కొన్నాళ్లకు మళ్లీ అదే లైను కనిపిస్తే?

తమ్ముడు: ఆ ప్రోగ్రామ్ అప్‌డేట్ అయ్యి ఉంటుంది. కొన్ని అప్‌డేట్ అయినప్పుడల్లా తమ లైను తామే తిరిగి పెట్టుకుంటాయి. అందుకే ఏది ఆపావో ఒక కాగితం మీద రాసి పెట్టుకో. మళ్లీ సగం సగం వెతకాల్సిన పని ఉండదు, నేరుగా ఆ పేరు దగ్గరికి వెళ్లి డిసేబుల్ చేసెయ్యొచ్చు.