చుక్కల సీసా

పెద్దలకు నమస్కారం. సర్పంచ్ గారికి, హెడ్మాస్టర్ గారికి, శాలువా కప్పిన నా పాత విద్యార్థులకు... ఇంకా చాలా పేర్లు రాసిచ్చారు గానీ, మీకు పొలాల్లో కోతలున్నాయి. కాగితం జేబులో పెట్టేస్తున్నా.

కళ్ళ గురించి చెప్పమన్నారు. పిల్లలతో మొదలుపెడతా. తొమ్మిదో నెలలో లక్ష యూనిట్ల విటమిన్ ఏ, ఆ తర్వాత ఐదేళ్ళ దాకా ఆరు నెలలకోసారి రెండు లక్షలు తాగించాలి. బడిపిల్లాడు పక్కవాడి నోటుబుక్కులో చూసి రాస్తుంటే, బోర్డు కనబడుతుందో లేదో ముందు అడగండి. నేను అడగకుండా చెవి మెలేసినవాడు ఒకడు అదిగో, అద్దాలు పెట్టుకొని నవ్వుతున్నాడు. నలభై దాటాక చత్వారం అందరికీ వచ్చేదే. 2018లో, మళ్ళీ 2023లో సర్కారు కంటి వెలుగు శిబిరాల్లో అద్దాలిచ్చారు కదా, ఎన్ని సందూకుల్లో ఉన్నాయో మీకే తెలుసు.

ఇవన్నీ డాక్టర్లు చెప్తారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది.

నేను డిగ్రీ చదివేటప్పుడు, మా నాయిన వరి కోస్తుంటే ఆకు కొస కంట్లో గీసుకుంది. అమ్మ కొంగు ఉండచుట్టి, నోటితో ఊది కాపింది. తెల్లారేసరికి కన్ను మిరపపండు. సైకిలెక్కి మిర్యాలగూడ పోయి, మందుల షాపులో 'కంటికి చుక్కలియ్యి అన్నా' అన్నాను. ఇచ్చాడు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. 'సదువుకున్న కొడుకు తెచ్చిన మందు' అని నాయిన వాడకట్టంతా చెప్పుకున్నాడు.

వారం తిరిగేసరికి నల్లగుడ్డు మీద బియ్యపు గింజంత తెల్లమచ్చ. హైదరాబాదులో డాక్టరమ్మ ఆ పుండును కొంచెం గీకి, మైక్రోస్కోపులో చూసి, బూజు అన్నది. ఆకు మీది బూజే గాయంలోకి దిగిందట. సీసా చూపించమన్నది. అది స్టెరాయిడ్. ఎరుపును అణచిపెడుతుంది, లోపల బూజు పెరగడానికి మాత్రం దారి ఇస్తుంది. గంటగంటకూ వేరే చుక్కలు వేశాం. పుండు మానింది, కంట్లో పువ్వు మిగిలింది.

ఆ తర్వాత నాయిన చాయ్ సాసర్లో పోస్తే సగం చాప మీద పడేది. ఒక్క కన్నుకు దూరం అంచనా దొరకదు. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. మందు తెచ్చింది నేనే కదా.

అక్కా, వెనక కూర్చున్న అక్కా, మాట్లాడకు, నీ కోసమే చెప్తున్నా. ఆకు గీసుకున్నా, నూగు పడ్డా, నలపొద్దు, పసరు పోయొద్దు. మంచినీళ్ళతో కడిగి, నొప్పి తగ్గకపోతే అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. సున్నం పడితే మాత్రం ముందు నీళ్ళు, అరగంట ఆపకుండా నీళ్ళు, ఆ తర్వాతే బండెక్కడం.

ఆ స్టెరాయిడ్ చుక్కలే దురదకని నెలల తరబడి వేసుకుంటే నీటికాసులు, అంటే కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు, రావచ్చు. ఎక్కువమందికి నొప్పి ఉండదు, పోయిన చూపు తిరిగి రాదు. షుగరున్నవాళ్ళు బాగా కనబడుతున్నా ఏడాదికోసారి కంటిపాప పెద్దది చేయించి చూపించుకోవాలి. ఇంకా రాసుకొచ్చా గానీ, మైకు తమ్ముడు గడియారం చూస్తున్నాడు.

ఒక్క పని చేయండి. మీ గూళ్ళలో, దేవుడి పటం వెనక, ఎప్పుడో మూత తీసిన చుక్కల సీసాలున్నాయి. రేపు పొద్దున ఏడింటికి రేషన్ షాపు అరుగు మీద కూర్చుంటా. తెచ్చి నాకివ్వండి. అందరూ వచ్చేదాకా లేవను.