లాకులో పట్టని నావ: పాత యూనిక్స్ మిషన్ మీదకి ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఎక్కించడం

(కాలువ గట్టు మీద సిమెంటు అరుగు. ల్యాప్‌టాప్, దాని పక్కన అరచేతిలో పట్టే రాస్‌బెర్రీ పై. వెనకాల పాత లాకు తలుపులు.)

నమస్కారమండీ. సంక్రాంతికి మా బావ వచ్చాడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను ఈ చిన్న డబ్బాలో పీడీపీ 11 అనే పాత కంప్యూటర్‌ని సిమ్యులేటర్‌తో, అంటే దాన్ని అనుకరించే ప్రోగ్రాంతో, నడుపుతుంటే కాసేపు చూశాడు. "దీంట్లో మంచి ఎడిటర్ కూడా లేదేంటి బావా? ఫ్రీ సాఫ్ట్‌వేర్ బోలెడుంది కదా. సోర్స్ దించు, మేక్ కొట్టు, అయిపోయె" అన్నాడు.

మేక్ కొట్టు, అయిపోయె. ఈ మాట నేను ఎంతమంది నోట విన్నానో! అందరూ చదువుకున్నవాళ్ళే. పండగపూట గొడవెందుకని అప్పుడు అరిసెలు తింటూ ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

సోర్స్ అంటే ఏంటి, దాన్ని నడిచే ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ ఏంటి, ఆ పనంతా చేయించే మేక్ కమాండ్ ఏంటి అని మొదలెట్టను, అవి మీకు తెలుసు. పోర్టింగ్ అంటే కాకినాడ పోర్టు కాదనీ, ఒక మిషన్ కోసం రాసిన ప్రోగ్రాంని ఇంకో మిషన్ మీద నడిచేలా చెయ్యడమనీ తెలుసు. అయినా ఇవాళ చెప్పేదంతా పడవల గురించే.

(కెమెరా లాకు వైపు.)

ఇదిగో, ఈ లాకు చూడండి. ఇప్పుడు గుర్రపుడెక్క తప్ప ఇందులోంచి ఏమీ రావట్లేదు. ఒకప్పుడు ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్ళివారు, అన్నీ ఇటే. కాకినాడలో పడవెక్కితే ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు దాకా పోవచ్చు. మా తాత ఈ కాలువలోనే పడవ నడిపాడు. ఎవరైనా కొత్త పడవ కొన్నానని గొప్పగా చెబితే ఆయన అడిగేది ఒకటే, "లాకులో పడుద్దా?" గోదారి మీద తెరచాప ఎత్తుకుని రాజాలా తిరిగే నావైనా సరే, రెండు తలుపుల మధ్య చోటు కంటే మూరెడు పొడుగుంటే బయటే నిలబడాలి.

పీడీపీ 11 లాకు పొడుగు 65,536 బైట్లు. డిజిటల్ ఈక్విప్‌మెంట్ వాళ్ళు 1970లో తెచ్చిన మిషన్ ఇది, అడ్రస్‌కి 16 బిట్లే. తర్వాత వచ్చిన పెద్ద మోడళ్ళలో కోడ్‌కి ఒక 64 కేబీ, డేటాకి ఇంకో 64 కేబీ విడిగా ఇచ్చారు. 11/70లో మెమరీ 4 మెగాబైట్ల దాకా పెట్టుకోవచ్చు, కానీ ఒక ప్రోగ్రాంకి ఒకేసారి కనిపించేది మాత్రం ఆ రెండు గదులే. కాలువ మద్రాసు దాకా ఉన్నా లాకు లాకే.

మరి నావ పట్టకపోతే? సరుకు దించి, విడతలుగా దాటించాలి. దీన్నే ఓవర్‌లే అంటారు. నేను నడిపే 2.11 బీఎస్‌డీ అనే యూనిక్స్ రకంలో ఇది ఉంది. ప్రోగ్రాం కోడ్‌ని ముక్కలు చేస్తారు. ఒక ముక్క ఎప్పుడూ లోపలే ఉంటుంది, మిగతావి వంతులవారీగా ఒకే చోటికి వచ్చిపోతుంటాయి. వినడానికి హాయిగానే ఉంది. కానీ ఏ ఫంక్షన్ ఏ ముక్కలో వెయ్యాలన్నది తేల్చాల్సింది మీరే. బియ్యం ఒక పడవలో, గిన్నెలు ఇంకో పడవలో వేశారనుకోండి, వంట ఎప్పటికవుద్ది? ఒకదాన్నొకటి పిలుచుకునే ఫంక్షన్లు వేరే వేరే ముక్కల్లో పడితే ప్రతి పిలుపుకీ ముక్క మార్చుకుంటూ కూర్చోవడమే. పైగా ఈ కిటుకు కోడ్‌కే. డేటా, స్టాక్ కలిపి 64 కేబీ దాటితే దేవుడే దిక్కు.

ఇక్కడ బావకి నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు మనకి అబద్ధం చెప్పలేదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టువాళ్ళ 1985 నాటి ప్రకటన, గ్నూ మ్యానిఫెస్టోలోనే ఉంది: ముందు వర్చువల్ మెమరీ (డిస్క్‌ని కూడా మెమరీలా వాడుకునే ఏర్పాటు) ఉన్న 68000 చిప్ తరగతి మిషన్లకే చేస్తాం, చిన్న మిషన్లు కావలసినవాళ్ళు ఆ కష్టం వాళ్ళే పడాలని. గ్నూ కోడింగ్ నియమాలైతే ఇంకా ముక్కుసూటి: ఇంట్, అంటే సి భాషలో మామూలు పూర్ణసంఖ్య పెట్టుకునే చోటు, 32 బిట్ల కంటే తక్కువుండే మిషన్ల గురించి అసలు పట్టించుకోవద్దు. నాకు ఇందులో తప్పేమీ కనిపించదు. నావని కాలువలోకి తెచ్చుకోవచ్చని అనుమతి ఇచ్చారు. లాకు దాటించి రేవులో కట్టిస్తామని ఎప్పుడూ అనలేదు.

ఇంట్ మాట వచ్చింది కాబట్టి స్క్రీన్ చూడండి.

(స్క్రీన్ దగ్గరగా.)

చిన్న ప్రోగ్రాం, పది పదిహేను లైన్లు. మిల్లులో ఉన్న బస్తాలు లెక్కపెడుతుంది. బస్తాలు అనే వేరియబుల్ ఇంట్. అందులో 40,000 వేసి ప్రింట్ చేయమన్నాను. ల్యాప్‌టాప్‌లో నడిపితే 40,000. అదే ఫైలు, ఒక్క అక్షరం మార్చకుండా, పీడీపీ 11లో... మైనస్ 25,536.

అంటే మిల్లే మనకి పాతిక వేల బస్తాలు బాకీ! ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. 16 బిట్ల ఇంట్‌లో పట్టేది 32,767 దాకానే. ఆ పైన పోస్తే మీటర్ అటు నుంచి ఇటు తిరిగిపోతుంది. కంపైల్ అవ్వడం వేరు, పోర్ట్ అవ్వడం వేరు అని నేను మొత్తుకునేది ఇందుకే. లాకులో పట్టకపోతే కనీసం కంటికి కనిపిస్తుంది. ఇది పడవ అడుగున చిల్లు.

సరే, ఇంట్ తీసేసి లాంగ్ పెడతాను. లాంగ్ అంటే ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే రకం, ఈ మిషన్‌లో 32 బిట్లు. కంపైల్... రన్...

సున్నా.

మైనస్ పోయింది, బస్తాలూ పోయాయి. ఎందుకో మీరు ఆలోచిస్తూ ఉండండి, ఈలోపు నేను వాక్స్ గురించి చెప్తాను.

వాక్స్ అంటే పీడీపీ 11కి తమ్ముడు, 1977లో వచ్చాడు. 32 బిట్లు, వర్చువల్ మెమరీ. అక్కడ లాకు బెంగే లేదు, వాక్స్ అంటే అంతర్వేది దగ్గర గోదారి. 1980ల్లో బీఎస్‌డీ యూనిక్స్ మీద రాసిన ప్రోగ్రాములు ఎక్కువగా దాని మీదే పుట్టాయి. అందుకే వాటికి దాని అలవాట్లు అంటుకున్నాయి. "ప్రపంచమంతా వాక్సే" అనుకునే జబ్బు అని అప్పట్లోనే వెక్కిరించేవాళ్ళు.

ఆ అలవాట్లలో నాకు బాగా నచ్చింది, అంటే బాగా చిరాకు తెప్పించింది, ఒకటి చెప్తాను. మా తాతకి ఒక చెల్లెలి కొడుకు ఉండేవాడు. పడవని రేవులో వదిలేసి, తాడు కట్టకుండా టీకి వెళ్ళిపోయేవాడు. మా కాలువ కట్టేసిన రోజుల్లో నీళ్ళు కదలవు కాబట్టి పడవ ఎక్కడిదక్కడే ఉండేది. ఏళ్ళ తరబడి ఏమీ కాలేదు. ఒకసారి ఏటి రేవులో కూడా అలాగే వదిలి వెళ్ళాడు. వరద రోజులు. మిగతాది చెప్పక్కర్లేదు.

బీఎస్‌డీ నడిచే వాక్స్‌లో నల్ పాయింటర్ అంతే. ఎక్కడికీ చూపించని పాయింటర్‌ని చదివితే సున్నా అడ్రస్‌లో ఉన్న సున్నా వచ్చేది, ప్రోగ్రాం దాన్ని ఖాళీ స్ట్రింగ్ అనుకుని హాయిగా సాగిపోయేది. తాడు కట్టలేదన్న సంగతి రాసినవాడికే తెలిసేది కాదు. అదే కోడ్‌ని సన్ కంపెనీ మిషన్ మీదకి తెస్తే మొదటి అడుగులోనే కోర్ డంప్, అంటే ప్రోగ్రాం కూలిపోవడమే. అందరూ సన్‌ని తిట్టారు. పాపం, అది ఉన్న ప్రవాహాన్ని చూపించింది, అంతే.

ఇప్పుడు ఆ సున్నా సంగతి. 40,000ని 32 బిట్లలో పెడితే 16 బిట్ల ముక్కలు రెండు: పై ముక్క 0, కింది ముక్క 40,000. పీడీపీ 11 సి కంపైలర్ పై ముక్కని ముందు పెడుతుంది. నేను వేరియబుల్ లాంగ్ చేశాను గానీ ప్రింట్ చేసే ప్రింట్ఎఫ్‌లో, ఇంట్ వస్తుందని చెప్పే పర్సెంట్ డి అలాగే వదిలేశాను. అంటే ఒక్క ముక్కే చూడమన్నాను. అది ముందున్న ముక్క చూసింది, సున్నా. దాని తప్పేముంది?

విచిత్రం ఏంటంటే, ముక్కల్లో పెద్దది ముందు వచ్చినా, ఒక్కో ముక్క లోపల మాత్రం చిన్న బైటే ముందు. బస్తాల మీద పెద్దదాని నుంచి 1, 2, 3, 4 అని నంబర్లు వేశామనుకోండి. 68000 రేవులో 1, 2, 3, 4 గానే దిగుతాయి. వాక్స్ రేవులో 4, 3, 2, 1. మన పీడీపీ రేవులో 2, 1, 4, 3! హమాలీలు తాగొచ్చినట్టు. యూనిక్స్‌ని వేరే రకం మిషన్లకి మార్చే తొలిరోజుల్లో, యు, ఎన్, ఐ, ఎక్స్ అని రావాల్సిన చోట ఎన్, యు, ఎక్స్, ఐ అని వచ్చేది. ఆ తప్పుకి నక్సీ సమస్య అనే పేరే స్థిరపడింది.

(బీప్ శబ్దం.)

యూపీఎస్ కూస్తోంది, కరెంటు పోయినట్టుంది. మిగతావి గబగబా చెప్పేస్తాను.

మేక్ కంటే ముందు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్ట్. పడవ ముందు కూర్చుని గెడ వేసి లోతు చూసేవాడు అన్నమాట. 1991లో డేవిడ్ మెకెంజీ మొదలెట్టిన ఆటోకాన్ఫ్ అనే పనిముట్టు తయారు చేసేది ఈ స్క్రిప్టునే. ఇది ఏ ఊరు కాలువ అని పేరు అడగదు, గెడ దింపి చూస్తుంది. స్ట్రింగ్స్ డాట్ హెచ్ అనే ఫైలు ఉందా, స్ట్రింగ్ డాట్ హెచ్ ఉందా, మెమరీ కాపీ చేసే ఫంక్షన్ మెమ్‌కాపీ ఉందా, బీకాపీయేనా. మంచి ఆలోచన. కాకపోతే పాత మిషన్‌లో మేక్ కంటే గెడ వెయ్యడానికే ఎక్కువసేపు పడుతుంది.

తర్వాత భాష. 1989 తర్వాతి సి వేరు, పాత సి వేరు. ఫంక్షన్ బ్రాకెట్లలోనే టైపులు రాస్తే పాత కంపైలర్‌కి అర్థం కాదు, వెనక్కి మార్చుకోవాలి. కొన్ని యూనిక్స్‌లలో ఫైలు పేరు 14 అక్షరాలు దాటదు. అది లాకు కూడా కాదు, వంతెన ఎత్తు.

జీసీసీ, అంటే గ్నూ వాళ్ళ సి కంపైలర్. 1987లో మొదటిసారి వచ్చింది. మిషన్‌లో ఉన్న కంపైలర్‌తో దాన్ని కట్టి, దానితో దాన్నే మళ్ళీ కట్టి, ఇంకోసారి కట్టి, చివరి రెండూ ఒకేలా ఉన్నాయా అని పోల్చి చూస్తారు. పడవ కట్టే కలప పడవలోనే రావాలి కదా, అలా. ఇప్పటి జీసీసీకి కూడా పీడీపీ 11 కోడ్ తయారు చెయ్యడం వచ్చు. అయితే ల్యాప్‌టాప్‌లో కూర్చుని చేస్తుంది, తను మాత్రం ఈ లాకులో పట్టదు.

నా దగ్గర ఉన్నది అసలు మిషన్ కాదు, సిమ్‌హెచ్ అనే సిమ్యులేటర్. 2002లో కాల్డెరా కంపెనీ పాత యూనిక్స్ సోర్సుల లైసెన్స్ వదులు చేసింది కాబట్టి ఇలా గట్టు మీద కూర్చుని నడపగలుగుతున్నాను. ఎలా పెట్టుకోవాలో ఇంకో వీడియోలో.

ఆఖరిది. పర్సెంట్ డి పక్కన ఒక ఎల్. కంపైల్. రన్.

40,000.

రెండుసార్లు దిద్ది, మూడుసార్లు నడిపితే ఒక్క వేరియబుల్ గట్టెక్కింది. మా బావ చెప్పిన ఎడిటర్ సోర్స్‌లో ఇంట్ ఎన్నిచోట్ల ఉందో చూద్దామని రాత్రి గ్రెప్ అనే వెతికే కమాండ్ కొట్టాను. నేను కాఫీ పెట్టుకుని వచ్చేసరికి కూడా స్క్రీన్ ఇంకా పైకి పోతూనే ఉంది. ఉగాదికి మళ్ళీ వస్తానన్నాడు. రమ్మన్నాను, ల్యాప్‌టాప్ తెచ్చుకోమన్నాను.